గోడ దాటని వెలుగు

నా మగడు సినిమా షూటింగుల్లో లైట్‌మన్. ఆయన పోయాక ఫిలింనగర్‌లో మా బస్తీ పక్కనే లేచిన సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఊడ్చే పనికి కుదిరాను. ఆ రోజుల్లో కొండరాయి పగలగొట్టిన చోటల్లా ఓ అద్దాల మేడ లేచేది. ఆ మేడ వెనక గోడకు ఆనుకునే మా గల్లీ. గల్లీకి స్తంభం ఉంది, బల్బు లేదు. అయినా మేడ వెనక దీపాలు వెలిగితే మాకు పట్టపగలే. అవి వెలగగానే ఆడవాళ్లమంతా, పనిలో ఉంటే నేను గోడ లోపలి నుంచే, ఇంట్లో దీపం పెట్టినప్పటిలాగే చేతులు జోడించేవాళ్లం. గోడ కింద ఇస్త్రీ బండి పెట్టుకున్న ఒకామె నన్ను అక్కా అని పిలిచేది. ఉద్యోగస్తులు ఇళ్లకు చేరాకే బట్టలు ఇచ్చేవాళ్లు, ఆమె పనంతా ఆ వెలుగులోనే.

ఓ ఏడాది మేడకు గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలనుకున్నారు. చెట్లు నాటారు, నీళ్లు పొదుపు చేశారు, దీపాల దగ్గర ఆగిపోయారు. బయటి దీపం వెలుగు నేల మీదే పడాలట. ఆకాశానికి పోకూడదట, గోడ దాటకూడదట. తనిఖీ రెండు రోజులుందనగా, తెప్పించిన మూతలు దీపాలకు పట్టలేదు. సూపర్‌వైజర్ సారు తల పట్టుకున్నాడు.

నేను ఊరుకోవలసింది. షూటింగులో వెలుగు ఎక్కువ పడకుండా నల్ల అట్ట అడ్డం పెడతారని, దాన్ని కట్టర్ అంటారని మా ఆయన చెప్పేవాడు.

"రేకులకు నల్లరంగేసి కట్టర్ లెక్క పెట్టుండ్రి సార్. యాడ కోయాల్నంటే ఆడ్నే కోస్తది," అన్నాను.

పొద్దుగూకాక నన్నే నిలబెట్టి ఎంత వంచాలో చెప్పమన్నారు. ఇంకా కిందికి, ఇంకా కిందికి అని చెయ్యి ఊపాను. ఆయన పని నా చేతికి వచ్చిందని పొంగిపోయాను. వెలుగు గోడ దగ్గర కత్తితో కోసినట్టు ఆగింది. సారు టీ ఇప్పించాడు. గోడ అవతల ఏముందో ఆ గంటసేపు నాకు తట్టనేలేదు.

పని దిగి గల్లీలోకి వస్తే నా గుమ్మం నాకే కనిపించలేదు. ఇస్త్రీపెట్టెలో బొగ్గుల ఎరుపు ఒక్కటే. ఆమె ఎవరిదో చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది. మాడింది.

"లైట్లకేమైందక్కా? నీకెర్కుంటది గద."

"నేనే చెప్పి చేయించిన."

ఆమె చొక్కా మడతపెట్టి అంది, "బావ ఉంటే ముందుగాల ఈ దిక్కు నిలబడి చూసేటోడు."

మర్నాడు సారును బతిమాలాను, ఒక్క రేకు, జర పైకి లేపమని. గోడ దాటితే మార్కులు పోతాయన్నాడు. గల్లీలో బల్బు మున్సిపాలిటీ వాళ్లు వేయాలన్నాడు. అది అబద్ధమూ కాదు.

సర్టిఫికెట్ వచ్చింది. అద్దం కట్టించి లోపల తగిలించారు, రోజూ తుడిచేది నేనే. ఇస్త్రీ బండి యూసుఫ్‌గూడ వైపు వెళ్లిపోయింది. ఇప్పుడు చుక్కలు కనిపిస్తున్నాయని సారు మురిసిపోతాడు. నిజమే, కనిపిస్తున్నాయి. దీపాలు వెలిగే వేళకు నేను ఇంకా గోడ లోపలే ఉంటాను. చేతులే జోడించబుద్ధి కాదు.