వరుస ముందరి ఖాళీ

కంపాలాలోని ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ముగాబి పొద్దున్నే చపాతీ నములుతూ, తన తెర కన్నా ముందు పక్కసీటు కెమిగిషా తెరను చూస్తాడు. అతని జావాస్క్రిప్ట్ పేజీల నిండా తెరిచే బ్రాకెట్లూ మూసే బ్రాకెట్లూ. ఆమె రాసే భాషలో అవి ఉండవు. ఏది దేని లోపలిదో వరుస ముందరి ఖాళీయే చెబుతుంది. ఆకుల మీంచి వాన జారినట్టు ఆమె కోడ్ దిగుతుంది. మేనేజరు మెచ్చేదీ దాన్నే. క్లయింట్లు వచ్చే రోజున, ఆమె టీకి లేవగానే, ముగాబి ఆమె కోడ్‌లో ఒక వరుసను కాస్త వెనక్కి జరిపాడు. బోడా అనే అద్దె బైకును పిలిచే బటన్ తన పెట్టెలోంచి జారి పేజీ అడుగున పడింది.

"ముగాబి అన్నా, కాస్త చూడవూ? వాళ్ళు మెట్లెక్కుతున్నారు," అంది కెమిగిషా తిరిగొచ్చి.

అతని వేలు తిన్నగా ఆ వరుస మీదే ఆగింది.

"అబ్బో, వెతకనైనా లేదే," అందామె, తెర వైపు కాక అతని వైపు చూస్తూ.