మాదైతే ఎప్పుడో పోయింది

చలమయ్యగారు ఓర్వలేనిది ఒక్కటే, ఎదుటివాళ్ళ కష్టం. జాలితో కాదు, కుళ్ళుతో. ఎవరికి ఏ కష్టమొచ్చినా, అది తనకి రాకుండా వాళ్ళకెందుకు వచ్చిందని ఆయనకి కడుపు మండిపోయేది.

సీతమ్మధారలో ఆయన పక్క వాటాలో ఉండే దేవికి ఈ సంగతి బాగా తెలుసు. దేవికి ఒక పన్ను నొప్పెడితే ఆయనకి రెండు కదిలాయి. దేవి వాళ్ళకి రెండు రోజులు నీళ్ళు రాకపోతే, "మాకు నాలుగు రోజులమ్మా," అన్నారు. రెండు వాటాలకీ ట్యాంకు ఒకటే.

"స్టీల్ ప్లాంట్లో ఉన్నప్పుడూ అంతేనమ్మా. పక్క షిఫ్టువాడికి చెయ్యి కాలితే ఈయన కట్టు కట్టుకుని ఇంటికొచ్చేవారు," అనేవారు ఆయన భార్య వెంకటరమణమ్మగారు.

తన కష్టాన్ని తనకంటూ ఒక్క పూటైనా ఉండనివ్వరని దేవికి ఒళ్ళు మండేది.

ఆ సాయంత్రం దేవికి నిజంగానే కష్టం వచ్చిపడింది. అత్త పోతమ్మకి నిరుడు తీసిన నడుం స్కాన్ సీడీలో ఉంది. డాక్టరుగారి కంప్యూటర్‌కి సీడీ పెట్టే చోటే లేదు. మర్నాడు పదింటికల్లా పెన్ డ్రైవ్‌లో వేసి తెమ్మన్నారు, లేకపోతే మళ్ళీ స్కాన్ తియ్యాలన్నారు. ఫిషింగ్ హార్బర్లో నలభై ఏళ్ళు చేపలమ్మిన పోతమ్మ తుపానుకి కూడా జడిసేది కాదు. ఆ స్కాన్ గొట్టానికి మాత్రం జడుస్తుంది.

"నానెల్లనే పిల్లా. మళ్ళీ అందులో తోసినారంటే మా అన్న పడవెక్కి ఎలిపోతాను," అంది.

దేవి తన పాత కంప్యూటర్లో సీడీ పెట్టింది. ట్రే లోపలికి వెళ్ళింది గానీ, తెర మీద డ్రైవ్ బొమ్మే లేదు. ఆపి మళ్ళీ వేసినా రాలేదు. ఈలోగా చలమయ్యగారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"ఏమైందమ్మా?"

"సీడీ డ్రైవ్ కనిపించట్లేదు బాబాయిగారూ."

ఆయన మొహం మాడిపోయింది. "మాదైతే కనిపించక పది రోజులైంది," అన్నారు వెంటనే.

"అయ్యో. మీ దాంట్లో కాపీ సేసుకుందామనే వత్తన్నాను," అంది దేవి.

చలమయ్యగారు గుమ్మం దాటి లోపలికొచ్చారు.

"అయితే గొట్టమేనేటే?" అంది పోతమ్మ మంచం మీంచి. ఎప్పుడూ వీధి చివరికి వినిపించే ఆ గొంతు మంచం దాటి రాలేదు.

ఆయన స్క్రూలు విప్పించారు. కేబుల్ పీకి మళ్ళీ గుచ్చారు, పక్క సాకెట్‌కి మార్చి చూశారు. కంప్యూటర్ వేయగానే వచ్చే నీలం తెరలో వెతికినా డ్రైవ్ పేరు లేదు.

"కేబుల్ పోయింది. మా ఇంట్లో ఉంది, తెస్తాను. నువ్వెళ్ళి కాఫీ పెట్టు. ఎవరైనా చూస్తుంటే నాకు చెయ్యి ఆడదు," అన్నారు.

గుడ్డసంచీతో తిరిగొచ్చారు. దేవి కాఫీ కలిపి తెచ్చేసరికి పోతమ్మ నడుం తెర మీద ఉంది.

మర్నాడు డాక్టరుగారు పెన్ డ్రైవ్ చూసి, కొత్త స్కాన్ అక్కర్లేదన్నారు. ఇంటికొచ్చాక దేవి సీడీ తీద్దామని మీట నొక్కింది. బయటికొచ్చిన ట్రే అంచున కుంకుమ బొట్టుంది. దసరా ఆయుధపూజకి తమ ఇంట్లో మిక్సీ నుంచి ఇస్త్రీపెట్టె దాకా బొట్లు పెట్టేది ఆ రెండు వాటాల్లోనూ వెంకటరమణమ్మగారొక్కరే.

దేవి పక్క వాటాకి వెళ్ళింది. వాళ్ళ కంప్యూటర్‌కి డ్రైవ్ ఉండాల్సిన చోట అట్టముక్క అడ్డం పెట్టి ఉంది.

"నిన్న మధ్యాహ్నం దాకా ఇందులోనే పాటలు విన్నానమ్మా," అన్నారు వెంకటరమణమ్మగారు గుసగుసగా. "పది రోజులైందని అనేశారుగా. ఆ మాట వెనక్కి తీసుకోలేక డ్రైవే ఊడదీసి మీ ఇంటికి పట్టుకెళ్ళారు."

చలమయ్యగారు పేపరు వెనకాల ఉన్నారు.

"బాబాయిగారూ, మీ డ్రైవు..."

"చెప్పానుగా. మీది ఒక్కపూట కనిపించలేదు. మాదైతే ఇక కనిపించే ఆశే లేదు."

దేవికి మొట్టమొదటిసారి ఒళ్ళు మండలేదు. "అవును బాబాయిగారూ. మీ అంత కష్టం మాకు రాలేదు," అంది.

ఆయన మొహం వెలిగిపోయింది. పేపరు మడిచి, "మీ అత్తగారి నడుం ఎలా ఉందమ్మా?" అన్నారు.

"తగ్గిపోతాదన్నారండి. వంగకూడదంట, అంతే."

చలమయ్యగారు కుర్చీలోంచి లేస్తూ లేస్తూ, మెల్లగా నడుం పట్టుకున్నారు.