సుతి పట్టిన కైలాసం

ధర్మపురి చుట్టుపక్కల ఊర్లల్ల పెండ్లి కుదిరితే, లగ్గం రాసుకున్న దినమే సన్నాయి కైలాసానికి కబురు వచ్చేది. పోలీసు చర్య అయినంక కొన్నేండ్లు ఆయనకు ఊపిరి సలపనంత పని. తమ్ముడు వెంకటి పక్కన కూసొని సుతి పట్టేటోడు. సుతి సన్నాయికి పాట ఉండదు. ఒక్కటే స్వరం, ఎడతెగకుండ ఊదుతుండాలె. దానికి వేళ్లతోని పని లేదు, బుగ్గలల్ల గాలి నిలుపుకునే దమ్ము ఉంటే చాలు.

నలభై ఏండ్లు రాకముందే కైలాసం చేతులకు బీమారి వచ్చింది. పొద్దున లేవంగనే రెండు చేతుల వేళ్లు కట్టెల్లెక్క బిగుసుకపోయేటియి. భార్య బాలలక్ష్మి వేడినీళ్లల్ల ముంచి పెట్టిస్తే, పొద్దెక్కినంక జర మెత్తవడేటియి. అందరు వాతమన్నరు. ఆముదం రాసిండు, పసరు మందులు తాగిండు. అయినా మణికట్లు వాచినయి, వేళ్లు ఒక దిక్కుకు ఒరిగినయి. రాయపట్నంల ఒక పెండ్లిల, పిల్లను పందిట్లకు తోలుకొస్తుంటే వేలు రంధ్రం మీద కూసోలే. పాట నడుమనే విరిగింది. పెండ్లోళ్లు ఏమనలే గని కైలాసం తలకాయ ఎత్తలే.

తిరిగొచ్చేటప్పుడు బండిల తన సన్నాయి తీసి తమ్ముని ఒళ్లె పెట్టిండు.

“ఇగ పాట నువ్వు వాయించు వెంకటీ. నేను సుతి పడుత.”

అన్న ఉండంగ తాను ముందు కూసునుడేందని వెంకటి ఒప్పుకోలే.

“వేళ్లే పోయినయిరా. దమ్ము ఉన్నది గద,” అన్నడు కైలాసం.

అట్ల అన్న వెనుకకు జరిగిండు. చూసినోళ్లకు అది చిన్నతనమే. కైలాసం మాత్రం తమ్ముడు రాగం ఎత్తుకుంటే కండ్లు మూసుకొని, ఆ ఒక్క స్వరాన్నే కొసదాక మోసేటోడు. తమ్ముడు స్వరం తప్పితే మోకాలితోని తట్టేటోడు. అట్ల కొన్నేండ్లు బాగనే గడిచినయి.

తర్వాత పొడిదగ్గు మొదలైంది. గోదారికి పోయి గట్టెక్కి రావాలంటే నడుమ రెండుసార్లు కూసునేటోడు. సుతి తెగుడు షురువైంది. ఊర్లె ఉన్న కంపౌండరు చూసి టీబీ అయి ఉంటదని సూదులిచ్చిండు. ఆ మాట ఊరంత పాకింది. శుభకార్యానికి దగ్గేటోణ్ని ఎట్ల పిలుస్తమని పెండ్లోళ్లు వెంకటినొక్కన్నే రమ్మన్నరు. కైలాసం ఎవల మీద కోపం చేసుకోలే. తనే కంచం, చెంబు వేరు పెట్టుకొని కొట్టంల మంచమేసుకున్నడు. బిడ్డ సక్కుబాయి దగ్గరికొస్తే దూరంకెళ్లే పొమ్మనేటోడు. మొదట్ల ఆ పిల్ల ఏడ్చింది, పోను పోను వచ్చుడు మానేసింది.

సూదులతోని ఏం ఫాయిదా కాలే. ఏడాది దాటినంక వెంకటి పట్టువట్టి అన్నను కరీంనగర్ దవాఖానకు తోలుకపోయిండు. అక్కడి డాక్టరు ఛాతికి ఎక్స్‌రే ఫోటో తీయించిండు, కఫం పరీక్ష చేయించిండు, వీపు మీద గొట్టం పెట్టి చానసేపు విన్నడు. ఊపిరి బిగపట్టుమంటే, పెండ్లి పెండ్లంత సుతి పట్టిన మనిషి క్షణంలనే వదిలేసిండు. డాక్టరు ఆ వంకర వేళ్లను చేతులకు తీసుకొని చూసిండు.

“నీకు టీబీ లేదు. ఈ కీళ్ల జబ్బే ఊపిరితిత్తులను కూడా పట్టింది. అవి గట్టిపడిపోతున్నాయి. మాన్పే మందు నా దగ్గర లేదు,” అన్నడు.

వెంకటికి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. కైలాసం ముఖం మాత్రం విప్పారింది.

“అయితే సారూ, ఇంటోళ్లతోని కూసొని తినొచ్చునా?”

తినొచ్చు, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదని డాక్టరు చెప్పిండు.

ఇంటికొచ్చిన దినం బాలలక్ష్మి అందరి కంచాల నడుమ ఆయన కంచం పెట్టింది. సక్కుబాయి తల్లి వెనుకనే నిలవడ్డది. రమ్మని ఆయన పిలవలే. దూరముండుడు ఆ పిల్లకు నేర్పింది తనే గద. తలకాయ వంచుకొని అన్నం కలుపుకున్నడు. ఆ పిల్ల మళ్ల పక్కకొచ్చి కూసునేసరికి వానకాలం ఎల్లిపోయింది. అప్పటికి ఆయన నాలుగు మాటలు ఒక్కసారి మాట్లాడలేకపోతుండె.

మరుసటేడు సక్కుబాయి పెండ్లయింది. కైలాసాన్ని గోడకానించి కూసోవెట్టిండ్రు. జీలకర్ర బెల్లం పెట్టే యాళ్లకు సుతి సన్నాయి తెమ్మని సైగ చేసిండు. ఒక్క ఊపిరి ఊదిండు, అంతే. దగ్గు ఆగలే. వెంకటి పాట ఆపబోతే ఆపొద్దని చెయ్యి ఊపిండు. సుతి లేకుంటనే బిడ్డ పెండ్లి జరిగింది.

ఆ చలికాలంలనే కైలాసం పోయిండు. పెదవులు నీలిగైనయి, మంచంల పండుకోరాక బాలలక్ష్మి భుజానికి ఒరిగి కూసున్నోడు కూసున్నట్టే పోయిండు.

టీబీతోనే సచ్చిండని ఊర్లె అనుకున్నరు. పలకరింపుకు వచ్చినోళ్లు గడప అవతలనే నిలవడి పోయిండ్రు. కాదని వెంకటి ఇంటింటికి చెప్పవోతుంటే బాలలక్ష్మి ఆపింది.

“ఉండనియ్యి వెంకటీ. ఆయన మనతోని కూసొని తిన్నడు,” అన్నది.