నేను కొట్టేసిన నాలుగో పేరా

టీచరు పక్షపాతం చూపించి, మా అమ్మాయిని కాదని వేరే పిల్లను ఏలూరు వ్యాసాల పోటీకి పంపారని మా బంధువులు ఇప్పటికీ అంటుంటారు. ఆ మాట పుట్టించింది నేనే. అది అబద్ధం.

తాడేపల్లిగూడెంలో మాది ఉల్లిపాయల కొట్టు. పోయినేడాది, అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా, ఒక సాయంత్రం పుస్తకం పట్టుకుని కొట్టుకే వచ్చింది. పిల్లలు బడికి సైకిలు మీదే రావాలని వాదిస్తూ వ్యాసం రాయాలట. బాగా రాసినవాళ్లలో ఒక్కరినే ఏలూరు పంపుతారట. ఆ ధ్యాసలో పడి, ముందు పెట్టిన పునుగులు చల్లారిపోయినా ముట్టుకోలేదు.

టీచరు బోర్డు మీద రాసిన మాటలు చదివి వినిపించింది. క్లెయిమ్ అంటే మనం నిలబడే మాట. రీజన్ అంటే ఎందుకు నిలబడ్డామో చెప్పే కారణం. ఎవిడెన్స్ అంటే రుజువు. ఇంతవరకూ మా వ్యాపారంలాగే ఉందనిపించింది. కౌంటర్ క్లెయిమ్ దగ్గర నాకు అడ్డం తిరిగింది.

"అదేంటమ్మా?"

"మనల్ని కాదనేవాళ్లు ఏమంటారో అదండీ. సైకిళ్లయితే లారీల భయం అంటారు కదా, ఆ మాట మనమే రాసి, దానికి జవాబు చెప్పాలి. ఆ జవాబు పేరు రిబటల్."

"ఎదుటివాడి మాట మనం అందించడమేంటి? నేనెప్పుడైనా బస్తా విప్పి, 'ఏవండీ, అడుగున నాలుగు కుళ్లినవి ఉన్నాయండీ' అన్నానా?"

"అందుకేగా నాన్నగారండీ, వచ్చినవాళ్లందరూ ముందు అడుక్కి చెయ్యి పెడతారు!"

ఉల్లిపాయలు ఏరుకుంటున్న హోటలాయన పకపకా నవ్వాడు. ఒళ్లు మండింది. పెన్ను లాక్కుని నాలుగో పేరా మొత్తం అడ్డంగా కొట్టేశాను. కాలవగట్టు రోడ్డున అందరూ కలిసి వెళ్తూ, ముందొకరు వెనకొకరు పెద్దపిల్లలుంటే భయం లేదని అందులో రాసింది. వ్యాసం మొత్తంలో బుర్ర పెట్టి ఆలోచించిన మాట అదే.

"మార్కులు పోతాయండీ."

"ఇరవై ఏళ్లుగా నోటితో బతుకుతున్నాను. నువ్వు నేను చెప్పినట్టు రాయమ్మా."

రాసింది. ఏలూరుకు వేరే పిల్ల వెళ్లింది.

పేరెంట్స్ మీటింగులో నేను గొంతు పెంచి అడిగాను. టీచరు కాగితం తీసి చూపించారు. "అన్నీ బాగా రాసిందండీ. కౌంటర్ క్లెయిమే లేదు. నేను చెప్పిన పాఠమే అదండీ."

అమ్మాయి నావైపు ఒక్కసారి చూసి, "మర్చిపోయానండీ మేడం" అంది.

నేను గోడమీది ప్రపంచ పటంలో ఆస్ట్రేలియాను చాలా శ్రద్ధగా పరిశీలించాను.

ఇంటికొచ్చి పక్షపాతం కథ అల్లాను. అమ్మాయి నన్ను పట్టివ్వలేదు కానీ, మళ్లీ ఏ హోంవర్కూ చూపించలేదు.

ఈ ఏడాదీ పోటీ పెట్టారు. అదే టీచరు. "క్లాసులో అందరి ముందూ 'ఈసారైనా మర్చిపోకమ్మా' అన్నారండీ" అని అన్నం తింటూ చెప్పింది, నావైపు చూడకుండా.

మర్నాడు దాని బ్యాగు నేనే మోసుకుంటూ బడికి వెళ్లాను. అమ్మాయి గేటు దగ్గరే ఆగిపోయింది. టీచరు వరండాలో కనిపించారు.

"మేడం గారండీ, పోయినేడాది మా అమ్మాయి ఏమీ మర్చిపోలేదండీ. తను రాసిన పేరా నేనే కొట్టేశాను."

"మరి ఆ రోజే చెప్పలేదేమండీ?"

"సిగ్గేసిందండీ."

ఆవిడ నవ్వాపుకున్నారు. "ఈసారి క్లాసులోనే రాయిస్తాలెండి. మీరు కొట్టు చూసుకోండి."

గేటు దగ్గరికి వచ్చి, "చెప్పేశానమ్మా" అన్నాను. అమ్మాయి నా మాట నమ్మలేదు. నా భుజం మీంచి టీచరు వైపు చూసింది. ఆవిడ తలూపాక గానీ నా చేతిలో బ్యాగు అందుకోలేదు.