దేవుడి దగ్గర డెమో క్లాసులు

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులు చెప్పుకుని బతికేవాణ్ణి నేను. మా వీధిలో ఒక ఆచారం ఉంది. ఏ కోర్సుకైనా మొదటి మూడు రోజులు డెమో, ఎవరైనా ఊరికే వచ్చి కూర్చోవచ్చు. నచ్చితే నాలుగో రోజు చేరాలి. దీన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఎక్కడా చేరకుండా డెమోల మీదే ఏళ్లు వెళ్లదీసే ఒక జాతిని పుట్టించాడు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ ఒకరిద్దరిని పట్టుకుని దులిపేస్తే గానీ నాకు పాఠం సాగేది కాదు.

మా నాయిన సనత్‌నగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. రోజూ షిఫ్టుకు పోయే ముందు మా ఫ్లాట్‌లో ముందుగది మూల పీట వేసుకుని, దీపం వెలిగించి, "శివయ్యా" అనుకుంటూ పావుగంట కూర్చునేవాడు. జ్వరమొచ్చినా మానలేదు. పని మానేశాక కూడా అదే వేళకు కూర్చున్నాడు. చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీది నుంచి నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఇన్నేండ్లు దండం పెట్టిన. ఒక్కసారి సుత ఏం కనిపియ్యలే, ఏం వినిపియ్యలే. నా దండాలు ఆయనకు ముట్టినయా, లేదా? నువ్వు సదువుకున్నోనివి. జర కనుక్కొని చెప్పు."

సరేనన్నాను. నేను కనుక్కునే లోపే ఆయన పోయాడు. ఆ మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. పుస్తకాల్లో రాసింది, పెద్దలు చెప్పింది నాకు అక్కర్లేదు, దేవుడు నాకే నేరుగా తెలియాలని పట్టుబట్టి బయల్దేరాను.

మొదట పంజాగుట్టలో ఒక ధ్యానమందిరానికి వెళ్లాను. శ్వాసను గమనిస్తూ కూర్చోమన్నారు. మూడో రోజు లోపల రొద కాస్త సద్దుమణిగింది. ఇక రోజూ రావాలన్నారు. పొద్దుటి బ్యాచ్ ఉందని చెప్పి బయటపడ్డాను. తర్వాత ఒక దర్గాకు వెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, దేవుడి పేరు నాలుకతో కాకుండా గుండెతో పలకమన్నాడు. ఆయన అరచేతి వెచ్చదనం ఇంటిదాకా నాతో వచ్చింది. రెండు గురువారాలు వెళ్లాను, మూడో గురువారం వాన పడిందని మానేశాను. ఆ తర్వాత మా సందు చివరి చర్చిలో మూడు ఆదివారాలు వెనక బెంచీ మీద కూర్చున్నాను. వాళ్ల పాటలకు కళ్ల నీళ్లు ఆగలేదు. నాలుగో ఆదివారం ఇంట్లో పనుందనిపించింది. ఇలా రెండేళ్లు తిరిగాను. ఒక నోట్‌బుక్‌లో అన్నింటికీ మార్కులు కూడా వేశాను. పదికి పది ఎవరికీ రాలేదు.

ఒక సోమవారం కొత్త బ్యాచ్ డెమో చెబుతున్నాను. మూడో వరుసలో నలభై అయిదేళ్ల ఆవిడ కూర్చుని ఉంది. స్కూల్లో క్లర్క్ ఉద్యోగం పోతే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుందామని వచ్చిందట. అంతకు ముందు రెండుసార్లు నా డెమో విని, చేరకుండా వెళ్లిపోయిన మనిషి. దొరికింది కదా అని అందుకున్నాను. పది చోట్ల రుచి చూసి ఎక్కడా కూర్చోనివాళ్లకు ఈ జన్మలో ఏ విద్యా పట్టుబడదని అరగంట దంచాను. ఆవిడ తల వంచుకోలేదు. నేను ఆగేదాకా ఆగి, మెల్లగా లేచి నిలబడింది.

"మీరు చెప్పింది కరెక్టే సార్. ఈసారి చేరుదామనే వచ్చిన. గాని మీరు సుత మా చర్చిల మూడు వారాలు డెమో కూసున్నరు. నాలుగో వారం మీకోసం జాగ పట్టి ఉంచిన."

క్లాసంతా గొల్లున నవ్వింది. నేను బోర్డు వైపు తిరిగి ఏదో రాశాను. ఏం రాశానో నాకే తెలియదు. ఆ రోజంతా ఆవిడ మీద కోపంతో ఉడికిపోయాను. సాయంత్రానికి గానీ నా మీద నాకు సిగ్గు పుట్టలేదు.

అన్నట్టే ఆవిడ చేరింది. వారం తర్వాత టీ కొట్టు దగ్గర కనిపిస్తే, బింకం విడిచి అడిగాను, మీకెప్పుడైనా దేవుడు తెలిశాడా అని. ఎప్పుడో రెండు మూడుసార్లు తెలిశాడంది. మిగతా రోజుల్లో ఏం చేస్తారన్నాను.

"ఊకెనే కూసుంట సార్. ఆయన వచ్చిననాడు నేను లేకుంటె ఎట్ల?"

నన్ను మళ్లీ చర్చికి రమ్మంటారా అని అడిగితే నవ్వింది. ఎక్కడైనా కూర్చోండి, లేవకుంటే చాలని చెప్పి టీ తాగి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి అటక మీది నుంచి నాయిన పీట దించాను. ఒక మనిషి లేవకుండా కూర్చున్న చోటు నాకు తెలిసినంతలో అదొక్కటే. మర్నాడు పొద్దున అదే మూల, అదే దీపం, అదే పేరు. రెండేళ్లు తిరిగిన తిరుగుడూ ఊరికే పోలేదు. శ్వాస మీద నిలవడం, పేరును గుండెతో పలకడం, ఆ పాటల్లోని ఆర్తి, అన్నీ పనికొచ్చాయి. ఫలితం మాత్రం సున్నా. ఆవిడకు మూడు నెలల్లో బంజారా హిల్స్‌లో ఉద్యోగం వచ్చింది. నాకు మోకాళ్ల నొప్పులొచ్చాయి. ఒకరోజు శివయ్యను నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. అయినా లేవలేదు.

పీట మీద కూర్చోవడం మొదలుపెట్టిన అయిదో నెలలో, శ్రావణంలో, ఒక పొద్దున పేరు దానంతటదే ఆగింది. గదిలో నాతో పాటు ఒకరున్నారు. వెలుగూ లేదు, గొంతూ లేదు. నా చెయ్యి నాదేనని తెలిసినంత సూటిగా ఆయన తెలిశాడు. వంటింట్లో కుక్కర్ కూత వేసింది, బయట మెట్రో వెళ్లింది, ఏదీ ఆయన్ను కదిలించలేదు. పట్టరాని సంతోషం. ఏడుస్తూనే నవ్వాను. ఇంకో సంగతి అర్థమయ్యాక మరీ ఏడ్చాను. ఆయన అప్పుడే వచ్చినవాడిలా లేడు. ఆ పీటకు ఎదురుగా ఏళ్ల తరబడి కూర్చుని ఆ మూలకు అలవాటుపడ్డవాడిలా ఉన్నాడు. నాయిన కూర్చున్న ప్రతి పొద్దూ ఆయనకు తెలుసు.

లేచి నాయిన ఫొటో ముందు నిలబడ్డాను. ఇల్లంతా వినపడేలా చెప్పాను.

"కనుక్కున్న నాయినా. అన్ని ముట్టినయి. ఒక్కటి సుత యాడికి పోలే."