పెళ్ళివారు దిగిన ఇల్లు

మా అత్తగారు అల్లుడి ఎదుట కుర్చీలో కూర్చునేవారు కాదు. గోడకి ఆనుకుని నేల మీదే కూర్చునేవారు. రెండోసారి కాఫీ తాగాలనిపించినా ఆ ఇంట్లో నోరు తెరిచి అడిగేవారు కాదు. అలాంటి మనిషి మా మూలంగా ఏడాది దగ్గర దగ్గర కూతురింట్లో ఉండవలసి వచ్చింది. పాత ఇల్లు కొని, బాగుచేసి అమ్ముదామని మేము పడ్డ పాట్లన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

మా ఆయన తాపీ మేస్త్రీ. రావులపాలెం చుట్టుపక్కల ఊళ్ళలో చాలామందికి ఇళ్ళు కట్టారు. ఎంతకాలం ఒకరికి కట్టిపెట్టడం, మనమే ఒక పాత ఇల్లు కొని కొత్తగా చేసి అమ్ముకుంటే ఏం, అని ఆయనకి పట్టుకుంది. ఊళ్ళోకి ఎస్టీడీ బూతు అప్పుడే కొత్తగా వచ్చింది. ఆడవాళ్ళు ఒక్కరొక్కరే గ్యాసు పొయ్యిలకి మారుతున్నారు. బాత్రూం లోపల ఉంటేనే కొత్తల్లుళ్ళు రెండో రోజు ఉంటున్నారు. పాత ఇళ్ళకి గిరాకీ పడిపోయి, బాగుచేసిన వాటికి పెరిగిన రోజులవి. ఆయన లెక్క తప్పేమీ కాదు.

తప్పల్లా ఇల్లు ఎంచుకోవడంలో వచ్చింది. మా ఊళ్ళోనే కాలవ గట్టు వీధిలో ఒక పెంకుటిల్లు ఏళ్ళ తరబడి తాళం వేసి ఉండేది. ఆ ఇంటి పెద్దాయన చెడ్డ నక్షత్రంలో పోయారు. అలా పోతే ఇల్లు ఖాళీ చేసి కొన్నాళ్ళు మూసేస్తారు. పాడుపెట్టడం అంటారు. పంతులుగారు వాళ్ళకి ఆరు నెలలు చెప్పారు. ఆరు నెలలూ అయిపోయాయి గానీ, కొడుకులు కాకినాడలో ఉద్యోగాల్లో కుదురుకుని మళ్ళీ ఈ వైపు చూడలేదు. ఇల్లు అలాగే ఉండిపోయింది. అందుకే మాకు అందుబాటులోకి వచ్చింది. మేముంటున్న రెండు గదుల ఇల్లు అమ్మేసి దాన్ని కొన్నాం. పని చేయిస్తూ అందులోనే ఉండటం, అమ్మగానే ఊరి చివరున్న మా స్థలంలో మాకు సరిపడా చిన్న ఇల్లు కట్టుకోవడం, ఇదీ అనుకున్నది.

విని మా అత్తగారు చేతిలో చేట కింద పెట్టేశారు.

"ఒరే, ఊళ్ళో ఇళ్ళే కరువయ్యాయట్రా నీకు? అది పాడుపెట్టిన ఇల్లురా."

"ఆర్నెల్లూ ఎప్పుడో అయిపోయాయమ్మా."

"అయిపోతే వాళ్ళెందుకు తిరిగి రాలేదూ?"

"వాళ్ళకి అక్కడ క్వార్టర్సిచ్చారు. ఇక్కడికొచ్చి గేదెల్ని మేపుతారా ఏంటి?"

"ఏవో నాయనా. మీరెళ్ళండి. నేను మాత్రం ఆ గడప తొక్కను."

అన్నట్టే, మేము సామాను బండి ఎక్కించిన రోజున ఆవిడ తన రేకు పెట్టె, ఇత్తడి చెంబు పట్టుకుని పక్క వీధిలో ఉన్న మా ఆడపడుచు ఇంటికి వెళ్ళిపోయారు. గృహప్రవేశం చేయించాం, శాంతి చేయించాం, పాలు పొంగించాం. దేనికీ రాలేదు.

ఆ ఇల్లు పట్టపగలు కూడా దీపం పెట్టుకోవలసినంత చీకటి. గుమ్మాలు పొట్టివి. మా ఆయన పొడగరి కావడంతో మొదటి వారమంతా నుదుటి మీద బొప్పితోనే తిరిగారు. వంటింటి వాసాలు కట్టెల పొగకి నల్లగా నిగనిగలాడేవి. పెంకంతా దింపించి, పగిలినవి తీసేసి, మళ్ళీ నేయించారు. కిటికీలు పెద్దవి చేయించారు. గుల్లబారిన సున్నం గోకించి సిమెంటు పూయించారు. ముందు గదికి మొజాయిక్, వంటింట్లో నిలబడి వండుకునే గట్టు, ఇంట్లోనే వెనక వైపు బాత్రూం. వెనక వసారాలో పాత ఎర్ర గచ్చు మాత్రం తియ్యనివ్వలేదు నేను. ఎండాకాలం దాని మీద పడుకుంటే ఇంకేమీ అక్కర్లేదు. పని ఏ గదిలో జరిగితే ఆ గదికి దూరంగా నా పొయ్యి మారుతుండేది. ఎంత మూతలు పెట్టినా అన్నంలో సిమెంటు పలుకులు తగిలేవి. మా ఆయన నమిలి, "ఈ ఇంట్లో ఇనప కమ్మీ ఒక్కటే మనం తినంది" అనేవారు.

మా అత్తగారు రాలేదన్నాను గానీ, సాయంత్రం అయ్యేసరికి వీధిలోకి వచ్చేవారు. మా ఎదురింటి అరుగు మీద కూర్చుని, అక్కణ్ణించే మాతో మాట్లాడేవారు. మధ్యలో వీధి. వీధిలో సైకిళ్ళు, గేదెలు. వాటి మీదుగా ఆవిడ గొంతు.

"ఏంట్రా ఆ కిటికీ రంగు, కాకరకాయలాగా!"

"అది ఇప్పటి ఫ్యాషనే అమ్మా!"

"ఫ్యాషనూ లేదు పాడూ లేదు. ఏమే అమ్మాయ్, నువ్వేనా చెప్పలేకపోయావా?"

నేను పకోడీలు వేస్తే ఒక గిన్నెలో పెట్టి వీధి దాటి వెళ్ళి ఇచ్చి వచ్చేదాన్ని. చీకటి పడగానే ఆవిడ లేచి అల్లుడి ఇంటికి నడిచి వెళ్ళిపోయేవారు. వెనకనుంచి చూస్తుంటే ఆ నడకలో తొందర ఉండేది కాదు.

ఇల్లు చూడ్డానికి జనం బాగానే వచ్చేవారు. వంటింటి గట్టు చూసి ఆడవాళ్ళు ముచ్చటపడేవారు. మగవాళ్ళు పెంకు వైపు తలెత్తి చూసి, మా ఆయన పనితనం మెచ్చుకునేవారు. కాఫీలు తాగేవారు. "రెండ్రోజుల్లో కబురు చేస్తాం" అనేవారు. ఆ కబురు ఎప్పుడూ రాలేదు. ఎందుకో తెలియక తల బద్దలు కొట్టుకున్నాం. చివరికి నేనే కనిపెట్టాను. వెళ్ళేవాళ్ళంతా వీధి మొదట్లో కిళ్ళీకొట్టు దగ్గర ఆగుతున్నారు.

కొట్టువాణ్ణి నిలదీశాను. "ఏం చెబుతున్నావయ్యా వచ్చినవాళ్ళకి?"

వాడు తమలపాకుకి సున్నం రాస్తూ, "నేనేవీ తప్పు చెప్పట్లేదండమ్మగారూ" అన్నాడు. "ఏ ఇల్లు చూసొచ్చారండీ అనడుగుతానండి. వాళ్ళు చెబుతారండి. ఓహో, పాడుపెట్టిన ఇల్లాండీ అంటానండి. మరి దాని పేరదే కదండీ."

"మేస్త్రీగారి ఇల్లు అనొచ్చుగా?"

"అలాగంటే ఎవరికీ తెలీదండి. మొన్న పోస్టుమేనుక్కూడా అదే పేరు చెబితేనే దొరికిందండి మీ ఇల్లు."

వాడి మీద కోపం తెచ్చుకోలేకపోయాను. వాడన్నది నిజమే. ఇంటికి కిటికీలు మార్చాం, నేల మార్చాం. పేరు మార్చడం మాత్రం మా ఆయన తాపీకి లొంగేది కాదు. ఆ రోజు నుంచీ నాకు దిగులు పట్టుకుంది. ఈ ఇల్లు అమ్ముడుపోదు, మేము కదలలేము, ఆవిడ అక్కడ అలా గోడకి ఆనుకునే ఉండిపోతారు.

శ్రావణం వచ్చింది. ఎదురింటివాళ్ళ అమ్మాయికి పెళ్ళి కుదిరింది. అబ్బాయి వాళ్ళది పెద్దాపురం వైపు. మగపెళ్ళివారికి విడిది ఊరి స్కూల్లో అనుకున్నారు. పెళ్ళికి ముందురోజు పట్టిన వాన పట్టినట్టే ఉంది. సాయంత్రానికి స్కూల్లో బెంచీల కింద నీళ్ళు. పైన రేకుల్లోంచి ధార. తెల్లారితే బస్సు వచ్చేస్తుంది. పెళ్ళికూతురి తండ్రి గొడుగు వేసుకుని వీధి మధ్య నిలబడి, మా ఇంటి పైకప్పు వంక చూస్తూ ఉండిపోయారు.

"మేస్త్రీగారూ, మీ ఇల్లు కారుతుందాండి?"

"చుక్క కారదండి."

వాళ్ళావిడ గుమ్మంలోంచి, "ఏవండీ, ఆ ఇంట్లోకా..." అని, నన్ను చూసి మాట మింగేశారు. ఆవిణ్ణి తప్పుపట్టలేను. పిల్ల పెళ్ళి. నా పిల్లయితే నేనూ అలాగే అనుండేదాన్ని.

మగవాళ్ళిద్దరూ ఒకే గొడుగులో పంతులుగారింటికి వెళ్ళారు. నేను ఎదురింట్లో కొబ్బరి తురుముతూ కూర్చున్నాను, చెయ్యి ఆడితే కదా. తిరిగొచ్చి మా ఆయన చెప్పారు. "ఆరు నెలల దోషం ఆరు నెలలతోనే పోయింది, మిగిలింది మీ వీధివాళ్ళ నోరే, దానికి నా దగ్గర శాంతి లేదు" అన్నారట పంతులుగారు.

అయినా పెళ్ళికూతురి తండ్రి, "దాచిపెడితే రేపు నా పిల్లకి మాటొస్తుందండి" అని, తిన్నగా ఎస్టీడీ బూతుకి వెళ్ళి, పెళ్ళికొడుకు తండ్రికి ఫోను చేశారు. ఉన్నదంతా చెప్పేశారు. అవతల ఆయన అడిగినవి మూడే ముక్కలట.

"పంతులుగారు సరేనన్నారాండి?"

"అన్నారండి."

"ఇల్లు కారుతుందాండి?"

"కారదండి."

"బాత్రూం లోపలుందాండి?"

"ఉందండి."

"ఇంకేంటండి మరి! మా అమ్మగారికి మోకాళ్ళ నొప్పులండి. స్కూల్లో ఎలాగా అని మా ఇంట్లో పొద్దుట్నించీ ఇదే గొడవ."

ఇక చూడండి మా హడావుడి. గోడ పనికి కట్టిన సారవ కర్రలు పెరట్లోకి మోయించాం. ఒక తలుపుకి రంగు ఆరనే లేదు. ముట్టుకోకుండా దానికి అడ్డంగా కుర్చీ పెట్టాం. మామిడాకులు కట్టాం. అద్దాలు, దువ్వెనలు, సబ్బులు, కొబ్బరినూనె సీసాలు ఎదురింటినుంచి బుట్టలతో వచ్చాయి. పొద్దున్నే బస్సు దిగిన జనంతో, మేళంతో, కాఫీ కాఫీ అనే కేకలతో ఇల్లు నిండిపోయింది. ఎవరో పిల్లాడు కుర్చీ దూకి ఆ తలుపుకే ఆనుకున్నాడు. వాడి కొత్త చొక్కాకి కాకరకాయ రంగు అంటింది. వాళ్ళమ్మ తిట్టిన తిట్లు కూడా నాకు చెవులకి ఇంపుగానే ఉన్నాయి. అన్నాళ్ళూ ఆ ఇంట్లో సిమెంటు గమేళా చప్పుడు తప్ప ఇంకోటి వినలేదు.

మా అత్తగారు మాత్రం ఎదురింట్లోనే. పూలు కట్టారు, బూరెలు వండించారు. మా వైపు చూడనట్టే చూశారు.

పెళ్ళి బాగా జరిగింది. మర్నాడు వాన వెలిసింది. పెళ్ళికొడుకు నాయనమ్మగారు మా అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని కాఫీ తాగుతున్నారు. ఎదురరుగు మీద మా అత్తగారు.

"వదినగారూ!" అని కేకేశారు నాయనమ్మగారు. "ఆ అరుగు మీద కూర్చున్నారేంటండీ? ఈ ఇల్లు మీదేనటగా?"

వీధిలో తలలన్నీ తిరిగాయి.

"మోకాళ్ళండి. మెట్లెక్కలేనండి" అన్నారు మా అత్తగారు.

"నాకు లేవాండీ మోకాళ్ళు? మీకంటే ముసలిదాన్ని, నేనెక్కలా?"

మా అత్తగారు చీర చెంగు సర్దుకున్నారు.

"మీ ఇంటి సంగతి విన్నాంలెండి" అన్నారు నాయనమ్మగారు, గొంతు తగ్గించకుండా. "మా అబ్బాయి ఫోను పెట్టేసిన వెంటనే చెప్పాడు. ఇదిగో, పడుకున్నాను, నిద్రపోయాను, లేచాను, రెండో కాఫీ తాగుతున్నాను. మనుషులు పోని ఇల్లు ఎక్కడుందండీ? రండి, లోపల కూర్చుందాం, ఒక్కదాన్నీ అయితే నాకు తోచదు."

చుట్టాలు, అందులోనూ మగపెళ్ళివారు, అంత పెద్దావిడ పిలుస్తుంటే కాదనడం ఎలాగ? మా అత్తగారు లేచారు. వీధి దాటారు. మెట్ల దగ్గర బకెట్లో నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నారు. నేను లోపల గుమ్మం పక్కన కాఫీ గ్లాసుతో నిలబడ్డాను. కుడికాలు గడప దాటింది. ఆవిడ కిందికి చూశారు. మొజాయిక్ మీద కాలు ఇటూ అటూ రాశారు.

"ఏమే, ఇంత పాలీషు పెట్టించారేంటే, జారి పడితేనో?"

ఆ ఇంట్లో ఆవిడ మొదటి మాట అదే. మా ఆయన వెంటనే మొహం గోడవైపు తిప్పుకున్నారు. తర్వాత ఆవిడ గదులన్నీ తిరిగారు. గట్టు ఎత్తు ఎక్కువైందన్నారు. వెనక వసారాలో ఎర్ర గచ్చు మీద నాయనమ్మగారితో కూర్చుని, భోజనాల పిలుపు వచ్చేదాకా లేవలేదు. ఆ సాయంత్రం నేను మా ఆడపడుచు ఇంటికి వెళ్ళి, ఎవరూ అడక్కుండానే రేకు పెట్టె, చెంబు తెచ్చేశాను. ఆవిడ చెంబు తీసుకెళ్ళి బిందె మీద పెట్టుకున్నారు.

కార్తీకంలో ఒక టీచరమ్మగారు, వాళ్ళాయన ఇల్లు చూడ్డానికి వచ్చారు. ఆవిడకి మా ఊరి స్కూలుకి బదిలీ అయింది. చూసి వెళ్ళారు. నాకు అగ్గిపెట్టె కావలసి వచ్చి, అంటే నిజానికి కావలసి రాలేదు, వాళ్ళ వెనకే కిళ్ళీకొట్టుకి వెళ్ళాను. టీచరమ్మగారి భర్త సోడా తాగుతున్నారు.

"ఏ ఇల్లు చూసొచ్చారండీ?" అన్నాడు కొట్టువాడు.

"ఆ కాలవ వైపు, ఆకుపచ్చ కిటికీలది."

"ఓహో, విడిదిల్లాండీ! పెళ్ళివారు దిగిన ఇల్లండి అది. వానంతా ఆళ్ళున్నప్పుడే కురిసిందండి, చుక్క కారలేదండి."

వాడు నా వైపు చూడను కూడా లేదు. నా కోసం అన్న మాట కాదు. వీధిలో అందరూ ఇప్పుడు అలాగే అంటున్నారు, వాడూ అన్నాడు. అగ్గిపెట్టె తీసుకుని, డబ్బులివ్వడం మర్చిపోయి నడుస్తున్నాను. వెనకనుంచి పిలిచి తీసుకున్నాడు.

బేరం కుదిరేముందు పాత సంగతి టీచరమ్మగారికి నేనే చెప్పాను. ఆవిడ విని, "మా మామగారు పోయినప్పుడు మేమూ మూణ్ణెల్లు తాళం పెట్టామండి. ఆ ఇంట్లోనే మా చిన్నవాడు పుట్టాడు" అన్నారు. అంతే. గట్టు ఎత్తు మాత్రం ఆవిడకి సరిగ్గా సరిపోయింది.

ఊరి చివర మా ఇల్లు పూర్తయి వెళ్ళిపోయే రోజున మా అత్తగారు పొద్దున్నే లేచి, ఆ గుమ్మం ముందు ముగ్గు వేశారు. వచ్చేవాళ్ళకి బోసి వాకిలి ఇవ్వకూడదన్నారు. "ఆ వెనక వసారా ఒక్కటీ ఊడదీసి తేలేవట్రా?" అని కొడుకుని అడిగారు.

కొత్తింట్లో వసారా అంత పెద్దది కాదు. అయినా ఒక కుర్చీ పడుతుంది. మొదటి రోజు సాయంత్రం ఆవిడ అందులో కూర్చుని, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, వీధి చివరికి వినపడేలా కేకేశారు.

"ఏమే అమ్మాయ్! ఇంకో గుక్క ఉందా?"

పాలు అయిపోయాయి. గ్లాసు పట్టుకుని పక్కింటికి పరిగెత్తాను.