సీఫూ కడాయిని నేను తోమిన రోజు

ఒక స్టీలు పీచు, రెండు నిమ్మచెక్కలు, కాస్త అత్యుత్సాహం. ఈ మూడింటితో దోహాలో ఓ పాత హోటల్ కొంప ఎలా ముంచవచ్చో తెలుసుకోవాలని ఉంటే నన్నడగండి.

అబూ హమూర్‌లోని ఆ హోటల్ నేను పుట్టకముందే తెరిచారట. అక్కడ వండేది కాంటన్ వంట: అల్లం, ఉల్లికాడలతో ఆవిరిమీద ఉడికించిన చేప, వెడల్పాటి బియ్యం నూడుల్స్ వేపుడు. మసాలా మచ్చుకైనా ఉండదు. పెద్ద వంటమాస్టర్ హాంకాంగ్ ముసలాయన. అందరం ఆయన్ను సీఫూ అనేవాళ్లం, అంటే గురువుగారని.

నాది జగిత్యాల దగ్గర ఓ పల్లె. బిల్డింగులు కట్టే సైట్‌లో ఎండకు మాడి మాడి చివరికి ఈ హోటల్లో గిన్నెలు తోమే పనిలో పడ్డాను. అదీ ట్రయల్ మీదే. నెలాఖరుకు సీఫూ పనికొస్తాడంటే ఉంటాను, లేదంటే మళ్లీ సైటే. ఏమైనా సరే సైట్‌కు పోయేది లేదని, ఈ వంటింట్లో తళతళలాడని వస్తువంటూ మిగలకూడదని కంకణం కట్టుకున్నాను.

మిగిలింది ఒక్కటే, సీఫూ కడాయి. దాన్ని ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. వేడినీళ్లు పోసి, వెదురు పుల్లల కుంచెతో రెండు తిప్పులు తిప్పి, నూనె రాసి కొక్కేనికి తగిలించేవాడు. దాని పక్కన కాకి కూడా తెల్లగా కనబడేది. పాపం, ముసలాయనకు తోమే ఓపిక లేదనుకున్నాను. చూశారా నా తెలివి.

ఓ మధ్యాహ్నం సీఫూ కునుకు తీస్తుంటే కడాయి దించాను. నిమ్మచెక్కలు, ఉప్పు, స్టీలు పీచు, అవి చాలక సైట్‌లో తుప్పు గీకే వైరు బ్రష్. చెమట ధార కడుతున్నా వదల్లేదు. కూరగాయలు తరిగే హైదరాబాదీ జాఫర్ భాయ్ నమాజు చేసుకుని వచ్చేసరికి కడాయి కొత్త స్టీలు గిన్నెలా మెరుస్తోంది.

"ఎవర్ది భాయ్ గీ కడాయి?"

"సీఫూది. ఎట్లుంది?"

జాఫర్ భాయ్ గోడకు చేరగిలబడ్డాడు. "యా అల్లా. సామాన్ సర్దుకో. నేన్ నిన్ను చూడలే, నువ్వు నన్ను చూడలే."

ఓర్వలేక అంటున్నాడనుకున్నాను.

సీఫూ వచ్చి కొక్కెం వంక చూసి, మా దగ్గర నేర్చిన వచ్చీరాని హిందీలో కడాయి ఏదని అడిగాడు. "మేరా కడాయి కిధర్?"

"యేహీ హై, సీఫూ."

"నో. యే నయా. మేరా కాలా." ఇది కొత్తదట, తనది నల్లదట.

"మై సాఫ్ కియా," అన్నాను ఛాతీ పొంగించి.

ఆయన వంగి కడాయిలోకి చూశాడు. ఇన్నేళ్లలో అందులో ఆయన ముఖం ఆయనకు కనబడటం అదే మొదటిసారి అయ్యుంటుంది. మెల్లగా ఉల్లిగడ్డల బస్తా మీద కూలబడ్డాడు.  

సాయంత్రం మొదటి ఆర్డరు నూడుల్స్ కడాయికి అతుక్కుపోయి, గీకితే ముక్కలు ముక్కలుగా వచ్చాయి. నేను ఊడబెరికింది మురికి కాదని అప్పుడు తెలిసింది. ఏళ్లతరబడి నూనె కాగి కాగి పట్టిన పొర అది. అంటుకోనివ్వనిదీ, సీఫూ వంటకు ఆ పొగ రుచి తెచ్చేదీ అదే. సూపర్వైజర్ పరుగెత్తుకొచ్చాడు.

"యల్లా, బ్యాగ్ ఉఠావ్. కల్ సే సైట్." సంచి సర్దుకుని రేపట్నుంచి మళ్లీ సైట్‌కే పొమ్మన్నాడు.

"నో," అన్నాడు సీఫూ. "యే సఫేద్ కియా, యేహీ కాలా కరేగా."

తెల్లగా చేసినవాడే నల్లగా చెయ్యాలి, అప్పటిదాకా కదలడానికి వీల్లేదు. శిక్షో వరమో తెలియలేదు గానీ గట్టిగా పట్టుకున్నాను. రోజూ అందరికన్నా ముందే డ్యూటీకి వచ్చి, పొగకు కళ్లు మండుతున్నా, నూనెలో ఉల్లికాడలు మాడ్చి పారబోశాను. మళ్లీ మాడ్చాను. కడాయి తేనె రంగుకు, తర్వాత బెల్లం రంగుకు, చివరికి బొగ్గు రంగుకు తిరిగింది. ఓ సాయంత్రం సీఫూ నూడుల్స్ ఎగరేస్తే ఒక్క పోగు కూడా అంటలేదు. మొదటి పళ్లెం నా చేతిలో పెట్టి, పొయ్యి పక్కన చోటు చూపించాడు.

"కల్ సే తుమ్ ఇధర్." రేపట్నుంచి సైటు కాదు, పొయ్యి దగ్గరే.

ఆ సంతోషంలో మా ఆవిడ సుజాతకు ఫోన్ చేసి మొత్తం కథ చెప్పాను.

"ఏందయ్యా," అంది, "పెండ్లైన కొత్తల నా దోశల పెంకను పీచుతోని తోమబోతే గంటెతో చేతిమీద కొట్టిన. యాదికుందా?"

"ఉంది," అన్నాను. నిజానికి అప్పుడే గుర్తొచ్చింది.

"గది నేర్సుకునెతందుకు దుబాయ్ దాంక పోయినవా?" మా ఊరివాళ్లకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే.

మర్నాడు కడాయి మీద చెయ్యేసి శపథం చేశాను: ఈ కట్టె కాలేదాకా నల్లగా ఉన్న దేన్నీ తెల్లగా చెయ్యను. ఇది నీ బనీన్లకు వర్తించదు భాయ్ అని జాఫర్ భాయ్ రోజూ గుర్తుచేస్తున్నాడు.